గవర్నరు ఇంటి అరకిలో పంచదార

ములూఖియ్య ఆకుకూర కాడని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేతి రెండు వేళ్లతో ఒక్క ఊపున దూస్తే ఆకులన్నీ ఒకేసారి పళ్లెంలో రాలతాయి, అది అమ్మ పద్ధతి. దౌలత్ అత్తయ్య ఒక్కొక్క ఆకునీ తొడిమ దగ్గర గిల్లుతుంది, అది కైరో పద్ధతి. నేను ఇద్దరి మధ్యా చాప మీద కూర్చుని అమ్మ చూస్తున్నప్పుడు దూస్తున్నాను, అత్తయ్య చూస్తున్నప్పుడు గిల్లుతున్నాను. గడియారంలో తొమ్మిది దాటి అయిదు నిమిషాలయింది. ఫిక్రీ మామయ్య పదింటికి యూనివర్సిటీకి బయల్దేరాలి, అమ్మ మన్సూరా రైలు పదకొండింటికి. ఈ గంట గడిస్తే అమ్మ వెళ్లిపోతుంది, ఆరేళ్లుగా తమ్ముడితో మాట్లాడని మనిషి రెండు రాత్రులు అతని ఇంట్లో పడుకుని కూడా మాట్లాడకుండానే వెళ్లిపోతుంది. కంటి ఆపరేషను కోసం కాకపోతే ఇక్కడికి వచ్చేది కాదు. రెండో కంట్లో శుక్లం ముదరడానికి ఇంకా నాలుగైదేళ్లు పట్టొచ్చన్నాడు డాక్టరు. నాలుగైదేళ్లు. మామయ్యకి అరవై నాలుగు, అమ్మకి డెబ్భై. నేను ఆకుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎందుకు లెక్కపెడుతున్నానో తెలియక ఆపేశాను.

"రావియా, ఆ ప్రొఫెసరు గారితో చెప్పు, టీ చల్లారిపోతోందని," అంది అమ్మ. నల్లకళ్లద్దాల వెనక ఒక కన్నుకి దూది ఉంది, రెండో కన్ను ఎటు చూస్తోందో తెలియదు. ప్రొఫెసరు గారు మూడడుగుల దూరంలో, వంటింటి గుమ్మానికి అవతల, బల్ల దగ్గర కాగితాలు సర్దుకుంటున్నాడు.

"అక్కతో చెప్పమ్మా, చల్లారితేనే నాకిష్టమని."

"తెలుసని చెప్పు. చిన్నప్పట్నుంచీ అంతేనని చెప్పు. వేడివేడిగా ఏదైనా ఉంటే చాలు, నోరు తెరవడు."

అత్తయ్య నవ్వు ఆపుకోలేక తల వంచేసింది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే పోయింది. రెండ్రోజులుగా ఇదే వరస. నేను గోడ మీది గడియారంలాంటి దాన్ని, ఇద్దరూ నా మొహం చూసి టైము తెలుసుకుంటారు, నన్నెవరూ ఏమీ అడగరు. చిన్నప్పుడు బళ్లోనూ అంతే, వెనక వరసలో కూర్చుని కిటికీలోంచి కాలవ మీద పడవలు చూసేదాన్ని. మాస్టారు ఒకసారి పిలిచి బల్ల ముందు నిలబెట్టారు, తప్పు చేశానేమో అనుకున్నాను. ఆయన జేబులోంచి కొత్త నోటు తీసి అందరికీ చూపించారు. "ఇదిగో, ఈ సంతకం ఎవరిదో తెలుసా? మన రావియా వాళ్ల మామయ్యది," అన్నారు. నోటు ఒక చేతినుంచి ఇంకో చేతికి బెంచీలన్నీ తిరిగింది, నలభైమంది దాన్ని తడిమారు, తిరిగి మాస్టారి దగ్గరికి వచ్చేసరికి కొత్తదనం పోయింది. ఆ సాయంత్రం అమ్మకి చెప్పాను. రాత్రి ఆవిడ పెట్టెలోంచి ఒక నోటు తీసి దీపం దగ్గర చాలాసేపు చూసింది. అమ్మకి చదువు రాదు. అయినా ఆ సంతకంలో మొదటి అక్షరం తోక ఎక్కడ మెలిక తిరిగిందో చూపించి, "పలక మీద కూడా ఇలాగే తిప్పేవాడు, వద్దంటే వినేవాడు కాదు," అంది. వాళ్లమ్మ చనిపోయాక వాణ్ణి పెంచింది ఈవిడే. వాణ్ణి అంటున్నాను, మామయ్యని. అమ్మ మాటలు తలుచుకుంటే ఆయన నాకు కూడా ఎనిమిదేళ్ల కుర్రాడైపోతాడు. తరవాత్తరవాత చేపలమ్మే అబూ సరీ చిల్లర ఇస్తూ, "మీ తమ్ముడి సంతకం నెలనెలకీ పలచబడుతోందమ్మా ఇన్సాఫ్, సిరా తక్కువైందా?" అనేవాడు. అమ్మ కూడా నవ్వి, "నీ తక్కెడలో చేప తగ్గినట్టే," అని తిప్పికొట్టేది. అప్పుడింకా తమ్ముణ్ణి వెనకేసుకొచ్చేది.

మామయ్య సెంట్రల్ బ్యాంకు గవర్నరుగా ఉన్న నాలుగేళ్లూ ఈ ఇంట్లో పంచదార అరకిలోకి మించి కొనలేదు. అత్తయ్య చెప్పేదాకా నాకు తెలియదు. గవర్నరు పెళ్లాం రెండు కిలోలు కొంటే సాయంత్రానికి వీధంతా ఇరవై కిలోలు కొంటుంది, మర్నాటికి కొట్లో పంచదార ఉండదు, మూడోరోజు ధర పెరుగుతుంది. అందుకని అరకిలో, అయిపోయాక మళ్లీ అరకిలో. నూనె ఒక్క సీసా. బంగారం దుకాణం ఉన్న వైపు నడవకూడదు, అటునుంచి వస్తే చేతిలో ఏముందని చూస్తారు. చుట్టం ఎవరైనా ధరల మాట ఎత్తితే మామయ్య పేపరు తెరిచేవాడట. పేపరు లేకపోతే మంచినీళ్లు తాగడానికి లేచేవాడట. భోజనం దగ్గర నిట్టూర్చకూడదు, నిట్టూర్పు కూడా ఒక వార్త. ఆ ఇంట్లో ఎవరైనా గట్టిగా ఊపిరి లాగితే అది ఒక్క ములూఖియ్య మీదే, వేయించిన వెల్లుల్లి కుండలో పోసేటప్పుడు ఆడవాళ్లు హా అని పీల్చే ఆ ఒక్క ఊపిరి, అది లేకపోతే కూరకి రుచి రాదు కాబట్టి దానికి మాత్రం అనుమతి ఉండేది. అత్తయ్య ఇదంతా నవ్వుతూ చెబుతుంది. ఇప్పుడు అయిదు కిలోల సంచీ తెచ్చి వంటింట్లో అందరికీ కనిపించేలా పెట్టింది. చీమలు పట్టాయి. పట్టనీ అంటుంది.

ఆరేళ్ల కిందట ఒక బుధవారం అమ్మ ఇక్కడికి వచ్చింది. నేను రాలేదు, కాని ఎన్నిసార్లు విన్నానో, నేనూ ఆ గదిలో ఒక మూల ఉన్నట్టే ఉంటుంది. కాలవ పక్క పొలం అమ్మింది అమ్మ, నాన్న పోయాక అది దున్నే మనిషి లేడు, ఆ డబ్బుతో పిండిమర పెట్టాలనుకుంది. ఊళ్లో మర లేదు, గోధుమలు నెత్తిన పెట్టుకుని మూడు మైళ్లు నడవాలి. మర ఇక్కడే దొరుకుతుంది, మోటారు మాత్రం బయటి దేశం నుంచి రావాలి. పంటలయ్యాక కొందామా, ఇప్పుడే కొందామా? తమ్ముడు గవర్నరు, ఇంకెవర్ని అడుగుతుంది? డబ్బు గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకుని రైలెక్కి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని అడిగింది. "ఒక్క మాట చెప్పరా. మాట వద్దులే, తల ఊపు చాలు." ఆయన నారింజపండు తీసుకుని తొక్క వలవడం మొదలుపెట్టాడు. తొక్క ఎక్కడా తెగకుండా పొడుగ్గా వచ్చిందని అమ్మ చెబుతుంది, అంత నెమ్మదిగా వలిచాడని. తొనలు విడదీసి పళ్లెంలో పెట్టి ముందుకి జరిపాడు. "తిను అక్కా," అన్నాడు. అంతే. అమ్మ తినేసి, తల ఊపలేదు కాబట్టి తొందరేమీ లేదనుకుని, పంటలయ్యాకే చూద్దాంలే అని ఊరికొచ్చేసింది. ఆదివారం పొద్దున్న పౌండుని వదిలేశారు, దాని విలువని ఇక బ్యాంకు నిలబెట్టదన్నారు. మధ్యాహ్నానికి అది సగమైంది. అమ్మ డబ్బుకి మర వస్తుంది, మోటారు రాదు. మోటారు కొంటే మర రాదు. ఇప్పటికీ అమ్మ గోధుమలు నెత్తిన పెట్టుకుని మూడు మైళ్లు నడుస్తుంది.

అయినా, డబ్బుకి కాదు. డబ్బుకైతే ఏడాదిలో మరిచిపోయేది, అమ్మ నాకు తెలుసు, వరదలో గేదె పోతే మూడోరోజుకి వరద గురించి జోకులు వేసింది. దీనికి కారణం బట్టలుతికే మెషిను. అమ్మ వచ్చి వెళ్లిన మర్నాడు, గురువారం, అత్తయ్య కొత్త మెషిను కొంది. బయటి దేశం సరుకు. ఇద్దరు కూలీలు దాన్ని నాలుగో అంతస్తుకి మోస్తూ మెట్ల మలుపులో ఇరుక్కుపోయి అరుస్తుంటే బిల్డింగు మొత్తం తలుపులు తీసి చూసింది. మూడు రోజులకి అదే మెషిను రెండింతల ధర. ఇంకేముంది, కాపలావాడు ఎవరికో చెప్పాడు, వాడు పేపరుకి చెప్పాడు. పేపర్లో బొమ్మ వేశారు: మామయ్య పెద్ద పౌండు నోటుని మెషిన్లో వేస్తున్నాడు, ఇవతల అది బొమ్మ చొక్కాలా కుంచించుకుపోయి బయటికొస్తోంది. ఆ బొమ్మ మా ఊరికి చేపల పొట్లంగా వచ్చింది. అబూ సరీ ఈసారి ఏమీ అనలేదు, అదే అమ్మకి ఎక్కువ బాధ. పొట్లం విప్పి, చేపల్ని పక్కన పెట్టి, తడికాగితాన్ని గోడకి ఆనించి చూసింది. "పెళ్లానికి చెప్పాడు," అంది. "పెళ్లానికి చెప్పి మెషిను కొనిపించాడు. నాకు నారింజ పెట్టి పంపించాడు." ఆ రోజునుంచి ఫోను మోగితే నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్లిపోయేది.

మామయ్య దేనికీ జవాబు చెప్పలేదు, పేపరుకీ, పార్లమెంటులో అరిచినవాళ్లకీ, మా అమ్మకీ. ఎనిమిది నెలలకి రాజీనామా ఇచ్చాడు. బ్యాంకు కారు వెనక్కి పంపేసి, మొదటిసారి మెట్రో ఎక్కి టిక్కెట్టు ఎక్కడ పెట్టాలో తెలియక గేటు దగ్గర నిలబడితే, వెనకున్న పిల్లాడెవడో "అంకుల్, నోట్ల మీద సంతకం పెట్టారు, ఇది రాదా?" అన్నాడట. ఆ తరవాత యూనివర్సిటీ. నేనొచ్చింది అప్పుడే. డిగ్రీలో చేరాను, ఆయన రాతని టైపు చేస్తాను, ఈ గదిలో పడుకుంటాను. "కోపం నాది, చదువు నీది, వెళ్లు," అంది అమ్మ. నేను ఇక్కడికి వచ్చాక చూసింది ఏమిటంటే, ఒక పెద్దాయన మాట్లాడటం నేర్చుకుంటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు బ్యాంకులో ఆయన నేర్చింది అరగంట మాట్లాడి ఏమీ చెప్పకపోవడం. పాఠం చెప్పడమంటే సరిగ్గా దానికి తిరగేసి. మొదటి వారం ఒకమ్మాయి లేచి, "ప్రొఫెసర్, మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను, ఇంటికెళ్లి చదివితే ఒక్క ముక్క కూడా లేదు," అంది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. ఇంకోరోజు ఆయన వెళ్లేసరికి బోర్డు మీద ఎవరో మెషిను బొమ్మ గీశారు. ఆ క్లాసులో వెనక వరసలో నేనూ ఉన్నాను. ఆయన బొమ్మని చాలాసేపు చూశాడు. సుద్ద తీసుకుని మెషినుకి పక్కన ఒక గొట్టం గీశాడు. "బాగుంది. కాని నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మరిచిపోయారు. ఇవాళ అదే చూద్దాం," అన్నాడు. ఆ గంటలో డబ్బు దేశంలోకి ఎలా వస్తుందో, ఎటు పోతుందో ఆ గొట్టం పట్టుకునే చెప్పాడు. గంట మోగినా ఎవరూ లేవలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అత్తయ్యకి మొత్తం చెప్పాడు, చెయ్యి గాల్లో తిప్పుతూ, గొట్టం గీసినట్టు. నలభై ఏళ్ల కాపురంలో ఈయన ఆఫీసు సంగతి చెప్పడం ఇదే మొదటిసారని అత్తయ్య ఆ రాత్రి వంటింట్లో కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు కోస్తున్నాను కదా అంది. ఉల్లిపాయలు లేవు అక్కడ.

ఇవాళ చెప్పబోయే పాఠం పోయిన వారం టైపు చేశాను. ఒక గవర్నరు, ఆదివారం ఏం జరగబోతోందో తెలుసు. గురువారం భార్య వచ్చి, పాత మెషిను పాడైంది, కొత్తది కొంటాను అంటుంది. కొను అంటే చెప్పేసినట్టే. వద్దు అంటే ఇంకా ఎక్కువ చెప్పేసినట్టు. ఏమీ అనకపోతే ఆమె కొంటుంది, లోకం ఆయనే కొనమన్నాడంటుంది. ఆయన ఏం చేయాలి? కారణాలతో రాయండి. టైపు చేస్తూ చేస్తూ నా వేళ్లు ఆగిపోయాయి. ఆయన దగ్గరికి వెళ్లి, "అయితే అత్తయ్యకి కూడా తెలియదా మామయ్యా?" అన్నాను. తెలియదన్నాడు. "అమ్మకి చెప్పనా?" కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వద్దమ్మా. ఆవిడ డబ్బు పోవడం నిజం. నేను చెప్పకపోవడం నిజం. ఇంకో నిజం తెచ్చి పక్కన పెడితే ఆ రెండూ చిన్నవవుతాయా? నన్ను క్షమించమని అడిగినట్టుంటుంది. అడిగే హక్కు నాకు లేదు." మాటిచ్చాను, చెప్పనని. మాటివ్వడం ఎంత తేలికో, అప్పుడనిపించింది, నేను ఎప్పుడూ ఏమీ చెప్పని దాన్నే కదా. ఇప్పుడు తొమ్మిదిన్నర. లోపలి గదిలో కోటుకి బ్రష్షు కొడుతున్న చప్పుడు వస్తోంది, టక టక టక, ఆగి, మళ్లీ టక టక. మాటిచ్చింది చెప్పనని. అడగనని కాదు. ఇది దొంగ తెలివి. తెలిసే చేస్తున్నానా?  పళ్లెంలో ఆకులు కొండలా పెరిగాయి, పసరు వాసన. అమ్మ కాడల్ని ఒకవైపే పెడుతోంది, మొదళ్లన్నీ ఒకే దిక్కుకి, చూపు సరిగ్గా లేకపోయినా. ఆ చేతులే. మోటారు దక్కని చేతులు. నేను ఇప్పుడు నోరు విప్పకపోతే రైలు వస్తుంది, వెళ్తుంది, నేను ఇంకో గవర్నర్నవుతాను.

"అత్తయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ ఆదివారం సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏ ఆదివారం?"

"పౌండుని వదిలేసిన రోజు."

బ్రష్షు చప్పుడు ఆగింది. అమ్మ చేతిలో కాడ కూడా ఆగింది.

"నాకా? టీవీలో," అంది అత్తయ్య, ఆకు గిల్లుతూనే. "ఇంకెక్కడ తెలుస్తుందే తల్లీ నాకు! పొద్దున్నే లేచి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు మహానుభావుడు. నేను కొత్త మెషిన్లో ఆయన చొక్కాలు వేసి, ఏ బటను నొక్కాలో తెలియక ఆ పుస్తకం చూసుకుంటున్నా. టీవీలో ఈయన మొహం కనిపించింది. టై వంకరగా ఉంది చూడు, మనిషి లేకపోతే సవరించుకోలేడు కదా అనుకున్నా. అప్పుడు సౌండు పెంచా."

"నీకు చెప్పలేదూ?" అంది అమ్మ. నాతో కాదు, నేరుగా ఆమెతోనే.

"చెప్పడమా! వదినా, నెల ముందే మా నాన్న కొట్టు అమ్మారు, నా వాటా వచ్చింది. దీన్ని డాలర్లు చేయిస్తే మంచిదంటున్నారు అందరూ, ఏమంటారు, అని అడిగా. పేపర్లోంచి తల ఎత్తితే ఒట్టు. అంతా పౌండ్లలోనే ఉండిపోయింది. సగం పోయింది. గవర్నరు పెళ్లాం కన్నా కూరలవాడి పెళ్లాం నయమని మా అన్నదమ్ములు ఇప్పటికీ పండక్కి పిలిచి మరీ ఏడిపిస్తారు. మూడు రోజులు మాట్లాడలేదు నేను ఈయనతో. నాలుగో రోజు చూద్దును కదా, స్టూలు వేసుకుని మెషిను ముందు కూర్చుని బట్టలు తిరగడం చూస్తున్నాడు. ఏం చూస్తున్నావయ్యా అంటే, 'నువ్వు కొంటానన్నప్పుడు వద్దు అని నాలిక చివరిదాకా వచ్చింది దౌలత్, మింగేశాను,' అన్నాడు. ఏం చేస్తాం? పక్కన ఇంకో స్టూలు వేసుకుని నేనూ కూర్చున్నా."

అమ్మ చేతిలో కాడకి ఒక్క ఆకు కూడా లేదు, అయినా రెండు వేళ్లతో దూసింది, మళ్లీ దూసింది. "ఆరేళ్లు," అంది. "ఒక్కళ్లూ చెప్పలేదేం నాకు?"

"నువ్వడగలేదు వదినా. నువ్వు పొలం డబ్బు గురించి కోపంగా ఉన్నావనుకున్నా. ఉండదా మరి, నాకూ ఉండేది."

 లోపలి గదిలో మామయ్య ఊపిరి పీలుస్తున్నాడా లేదా అని చెవులు రిక్కించాను. గుమ్మంలోంచి పడే ఎండ చాప అంచు దాటి అమ్మ పాదాల మీదికి వచ్చింది, పగుళ్లలో కాలవ మట్టి ఎప్పటికీ పోదు, ఎంత తోమినా. ఆమె ఏమనుకుంటోందో నాకు తెలియదు. అనుకోవడం మొదలుపెట్టిందని మాత్రం తెలుసు, ఎందుకంటే కింది పెదవిని పంటితో పట్టుకుంది. ఊళ్లో తూకంలో మోసం పట్టినప్పుడు కూడా అలాగే చేస్తుంది, కానీ అప్పుడు కళ్లు చురుగ్గా ఉంటాయి. ఇప్పుడు కళ్లు కనిపించవు. ఆరేళ్లు మనసులో ఒక ఇంటిని కట్టుకుంది అమ్మ, అందులో తమ్ముడు, మరదలు తలుపు వేసుకుని గుసగుసలాడుకుంటారు, ఆవిడ బయట మెట్ల మీద ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరూ గుసగుసలాడుకోలేదని ఇవాళ తెలిసింది. ఆయన ఒక్కడే ఉన్నాడు అందులో. అందరి ముందూ తలుపు వేసుకున్నవాడు ఒక్కడే లోపల ఉండిపోతాడని, బహుశా అమ్మకి ఇప్పుడే తోచింది. లేక నాకు తోచిందా, అమ్మకని అనుకుంటున్నానా. నేను చేసింది మంచో చెడో, ఆకుల వాసనకి తల తిరుగుతోంది, ఎవరైనా ఏమైనా అంటే బాగుండును.

గడియారం పది కొట్టింది. మామయ్య గుమ్మంలోకి వచ్చాడు, కోటు, సంచీ, ఎడమచేతిలో ఇవాళ్టి పాఠం కాగితాలు. రోజూ ఇక్కడ ఆగి "వెళ్లొస్తా దౌలత్" అంటాడు. ఇవాళ ఆగాడు, అనలేదు.  కళ్లు ఎర్రగా ఉన్నాయి, అక్క వైపు చూడలేక ములూఖియ్య పళ్లెం వైపు చూస్తున్నాడు, ఈ నాలుగేళ్లలో నేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయినట్టు. నాకు ఆయన్ని వెనకనుంచి తోసి, చెప్పు, ఇప్పుడు చెప్పు, అని అరవాలనిపించింది. ఆయన తల వంచుకుని వీధి తలుపు వైపు తిరిగాడు.

అమ్మ లేచింది. ఒళ్లో రాలిన ఆకులు చాప మీద పడ్డాయి. ఆపరేషనైన కన్నుతో మెట్లు ఒంటరిగా దిగొద్దన్నారు కాబట్టి నేను గబగబా లేచి నా చెయ్యి అందించాను. అమ్మ నా చేతిని పక్కకి జరిపింది. నల్లముసుగు తల మీదికి లాక్కుంది. గోడ తడుముకుంటూ నడిచి, తలుపు దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగిన మామయ్య మోచేతిని పట్టుకుంది, గట్టిగా, మునివేళ్లు తెల్లబడేట్టు. ఆయన అలాగే వంగి ఉండిపోయాడు, కదిలితే ఆ చెయ్యి జారిపోతుందేమో అన్నట్టు. తరవాత నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. అమ్మ అతని చేతిలోంచి కాగితాలు తీసుకుని తన చంకలో పెట్టుకుంది.

ఆమె బట్టల సంచీ, రైలు టిక్కెట్టు దానిమీద పెట్టి, కుర్చీలోనే ఉన్నాయి. అత్తయ్య వాటిని అందుకుని వెనకే పరిగెత్తబోయింది. "స్టేషనుకి కాదు," అని నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపాను. అమ్మ మొదటి మెట్టుని కాలితో వెతికింది, మామయ్య ఒక మెట్టు ముందు దిగి నిలబడ్డాడు, అమ్మ దిగింది, ఆయన ఇంకో మెట్టు దిగాడు. అలా ఇద్దరూ, ఒక్క మాటైనా అనకుండా, ఇంట్లోంచి వెళ్లిపోయారు.